పండు పంజరం బాల్కనీలో పెట్టకు

విజయవాడ,
నవంబర్ 12

చిట్టితల్లీ,

నిన్న నువ్వు పంపిన ఫోటో చూసినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. బాల్కనీలో పంజరం, అందులో మన కాకటీల్ చిలుక పండు. దాని వెనక ఎదురు అపార్ట్‌మెంట్ కూడా ఆనవాలు తెలియడం లేదు. పొద్దుటి ఎండ తగలాలని పెట్టానన్నావు. నవంబర్‌లో ఢిల్లీని కమ్మేది మన కృష్ణ ఒడ్డున లేచే పొగమంచు లాంటిది కాదమ్మా. చలికి గాలి కదలక నేలబారున నిలిచిపోతే వాహనాల పొగ, దుమ్ము, పొలాల్లో కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ అన్నీ అందులోనే చిక్కుకుంటాయి. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు పంజరం లోపలికి తీసుకురా.

ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినదాన్ని, ఇంకొక్కసారి చెప్పనివ్వు. మనం పీల్చిన గాలి వెళ్లిన దారినే బయటికి వస్తుంది. పక్షికి అలా కాదు. దాని ఒంట్లో మామూలుగా తొమ్మిది గాలి సంచులుంటాయి. అవి కొలిమి తిత్తుల్లా పనిచేస్తూ ఊపిరితిత్తుల గుండా గాలిని ఒకే దిశలో నడిపిస్తాయి. పీల్చినా, వదిలినా తాజా గాలి అందుతూనే ఉంటుంది. ఎగిరే ప్రాణికి అంత ప్రాణవాయువు కావాలి మరి. గాలిలో విషం ఉంటే అదీ అంతే చురుగ్గా రక్తంలో కలుస్తుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లోకి 1986 దాకా కేనరీ పిట్టలను తీసుకువెళ్లింది అందుకే. విషవాయువు సోకితే మనిషి కన్నా ముందు అవి ఒరిగిపోయేవి. మన పండు వంద గ్రాములైనా లేని కాకటీల్.

నీకు ఇన్నాళ్లూ దాచిన మాట ఒకటుంది. నువ్వు ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పుడు మన బడ్జీ చిలుకలు రెండూ వయసు మీదపడి పోయాయని చెప్పాను. అది అబద్ధం. ఆ రోజు నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద పెట్టి, ఫోను మోగితే వరండాలోకి వెళ్లాను. వచ్చేసరికి ఖాళీ పెనం మాడుతోంది. పొగ పెద్దగా లేదు, వాసన కూడా అంతంతే. పొయ్యి ఆపి, కిటికీ తీసి, పక్క గదిలోకి వెళితే రెండూ పంజరం అడుగున పడి ఉన్నాయి. పచ్చది ఇంకా నోరు తెరిచి కొట్టుకుంటోంది. నా అరచేతిలోనే ప్రాణం వదిలింది. ఆ నాన్‌స్టిక్ పూత మితిమీరి వేడెక్కితే వచ్చే ఆవిరి పక్షుల పాలిట విషమని, గాలి సంచుల పాఠం చెప్పే నాకు ఆ తర్వాతే తెలిసింది. నీకు చెప్పడానికి నోరు రాలేదు.

అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. గాలి నాణ్యత సూచీ 200 దాటితే కిటికీలు మూసెయ్యి, 400 దాకా ఎదురుచూడకు. సన్నటి ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫయర్ కొను, ఓజోన్ వదిలే రకం మాత్రం వద్దు. పండు ఉన్న గదిలో అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట, సెంటు ఏవీ వద్దు. చలి ఎంత ఉన్నా బొగ్గుల కుంపటి అసలే వద్దు, అది నీకూ ప్రమాదమే. కాకటీల్ ఈకల నుంచి తెల్లటి పొడి రాలుతుంది కదా, దాన్ని చీపురుతో లేపకుండా తడిబట్టతో తుడువు. మధ్యాహ్నం గాలి తేటపడిన రోజున కాసేపు కిటికీ తెరిచి ఎండ చూపించు.

ఇక్కడ మే నెలలో వరండాకు తడి గోనెపట్టాలు కట్టేవాళ్లం, గుర్తుందా? వేడికి పండు రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, ముక్కు తెరిచి రొప్పేది. ఆ కష్టం కంటికి కనిపించేది. పొగ చేసే చేటు అలా బయటపడదు. జబ్బు చేసినా పక్షి దాచుకుంటుంది, నిన్ను చూడగానే గింజల గిన్నె దగ్గరికి వచ్చి బాగున్నట్టే ఉంటుంది. కదలకుండా కూర్చున్నప్పుడు దూరం నుంచి దాని తోక చూడు. ఒక్కో ఊపిరికీ తోక పైకీ కిందికీ ఊగుతుంటే, ఈకలు ఉబ్బించుకుని పగలంతా కునుకుతుంటే, కూత బొంగురుపోతే మర్నాటి దాకా ఆగకు. పక్షుల వైద్యం తెలిసిన డాక్టరు ఎక్కడున్నారో ఇప్పుడే కనుక్కుని ఉంచుకో.

రోజూ పొద్దున మేత వేయకముందు వంటింటి కాటా మీద తూచి రాసుకో. ఈ రోజు తూకం ఎంతో నాకు సాయంత్రంలోగా పంపు. నీ నాన్‌స్టిక్ పెనం తీసెయ్యి. మన ఇనుప పెనానికి నూనె రాసి పార్సిల్ కట్టాను, రేపు నాన్నగారు పంపిస్తారు.

అమ్మ