నీ లెదర్ కోరల్ చావలేదురా

ఒరేయ్,

నువ్వు పంపిన నీ ఉప్పునీటి అక్వేరియం ఫోటోలు రాత్రి నుంచి ఎన్నిసార్లు చూశానో. ముందు టెన్షన్ తగ్గించుకో, నీ లెదర్ కోరల్ (తోలులాంటి ఒళ్లున్న మెత్తటి పగడపు జీవి) చావలేదు. నాలుగు రోజులుగా పాలిప్స్ (ఒంటి మీద పూలలా విచ్చుకునే బుల్లి జీవులు) బయట పెట్టకపోవడం, ఒళ్లంతా మైనం పూసినట్టు మెరవడం, ఆ మెరుపు మీద గోధుమరంగు పాచి పట్టడం, ఇవన్నీ అది ఒళ్లు కడుక్కోబోయే ముందు కనిపించేవే. పాము కుబుసం విడిచినట్టు అది పైపొర వదిలేస్తుంది. మీద పేరుకున్న నాచూ చెత్తా ఆ పొరతోనే ఊడిపోతాయి. మా ట్యాంకులోది పోయినసారి తొమ్మిది రోజులు ముడుచుకునే ఉంది. పదో రోజు పొద్దున లైటు వెలగగానే చూస్తే, గొడుగులాంటి దాని తల అంచున సన్నటి పొర ఒకటి లేచి నీళ్లలో రెపరెపలాడుతోంది. దాని కింద లేత పసుపు రంగులో కొత్త చర్మం. సాయంత్రానికి ఒక పక్కన పాలిప్స్ నువ్వుగింజలంత తలలు బయట పెట్టాయి. అద్దానికి ముక్కు ఆనించి ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

ఇప్పుడు దానికి కావాల్సింది నీటి ఒరవడి. నీ ఫోటోలో పవర్‌హెడ్ (నీళ్లు తోసే పంపు) ఎదుటి రాయిని కొడుతోంది, లెదర్ ఉన్న మూల నీళ్లు కదలడం లేదు. కొంచెం ఇటు తిప్పు. ధార సూటిగా మీద పడకూడదు, అటూ ఇటూ ఊగుతూ వచ్చి తగలాలి. పొరను గిల్లి లాగకు. ఊడటానికి సిద్ధమైన చోట డ్రాపర్‌తో నీళ్లు చిమ్మితే అదే వదులుతుంది. ఇంకో సంగతి, లెదర్ కోరల్స్ నీళ్లలోకి పక్కవాటికి పడని రసాయనాలు వదులుతాయి. అందుకని ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ కొత్తది వెయ్యి.

నాకు అసలు దిగులంతా నీ జోవాంథిడ్స్ గురించే, రాయి మీద గుంపుగా పూలలా విచ్చుకునే ఆ పాలిప్స్ గురించే. ఆ పచ్చటి వెంట్రుకల నాచు వాటి ఒంటి మీద మొలవలేదు, మధ్యలో కనిపించే రాయి మీద మొలిచింది. అక్కణ్ణించి పెరిగి వాటి మీదికి వాలింది. వెలుతురు అందక, ఒరిపిడి భరించలేక పాలిప్ మూసుకుంటుంది. మూసుకున్న దాని చుట్టూ ఇంకాస్త మడ్డి చేరుతుంది, నాచుకు అదే మేత. అందుకే దీన్ని ఆలస్యం చేయకు.

మందు సంగతి తర్వాత, ముందు చేత్తో తీసెయ్. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ట్యాంకు నీళ్లే ఒక టబ్బులో తీసుకుని రాయిని అందులో పెట్టు. పట్టకారుతో నాచును మొదట్లో పట్టుకుని మెల్లగా లాగు, మిగిలింది మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దు. ట్యాంకులోనే పీకితే తెగిన ముక్కలు కొట్టుకుపోయి వేరే రాళ్ల మీద మళ్లీ మొలుస్తాయి.

ఒరేయ్, ఈ ఒక్క విషయంలో మాత్రం నా మాట వినాల్సిందే. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు లేకుండా జోవాంథిడ్స్ ముట్టుకోవద్దు. వీటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. రాయిని నీళ్లలో ముంచి ఉంచే రుద్దు, తుంపర మొహం మీద పడనీయకు. నాచు చస్తుందని ఆ రాయి మీద వేడినీళ్లు పోయడం, ఉడకబెట్టడం కలలో కూడా చేయకు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి.

ఇంత చేశాక కూడా మొదళ్లు మిగిలితే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొచ్చు. నేనైతే రాయిని బయటికి తీసి, నాచు ఉన్న చోట మాత్రం డ్రాపర్‌తో చుక్కలు వేస్తాను. తెల్లటి నురగ బుసబుసా లేస్తుంది. ఒకటి రెండు నిమిషాలాగి, వేరే గిన్నెలో ట్యాంకు నీళ్లతో కడిగి తిరిగి పెట్టేస్తాను. నాచు తెల్లబడి రాలడానికి కొన్ని రోజులు పడుతుంది. నీ జీనియా కోరల్ జోలికి మాత్రం దీన్ని తీసుకెళ్లకు, తట్టుకోలేదు. క్లీనర్ రొయ్యకూ పడదు, అందుకే కడిగిన నీళ్లు ట్యాంకులో పోయకు.

మూడు రోజులు లైట్లు ఆర్పేస్తే ఎలా ఉంటుందని అడిగావు. నాకైతే ఇష్టం లేదు. కోరల్ ఒంట్లో కూడా ఒక సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది, వెలుతురుతో అది వండిపెట్టేదే కోరల్‌కు ముఖ్యమైన తిండి. గట్టిగా ఉన్న కోరల్ మూడు రోజులు ఓర్చుకుంటుంది కానీ, నీవి ఇప్పటికే నీరసంగా ఉన్నాయి. దాని బదులు లైటు రోజుకు ఏడు గంటలకు తగ్గించు.

నీ ఫాస్ఫేట్ టెస్టు సున్నా చూపించిందన్నావు కదా, దాన్ని నమ్మకు. నీళ్లలోకి వచ్చింది వచ్చినట్టు నాచే తినేస్తుంటే టెస్టుకు ఇంకేం మిగులుతుంది? చేపలకు తిండి ఎంత వేస్తున్నావో చూడు, రాళ్ల సందుల్లో మడ్డిని నీళ్లు మార్చేటప్పుడు గొట్టంతో లాగెయ్. ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల మోతాదు) కూడా ఒకసారి కొలువు, సున్నా దాటితే చివర్లో మిగిలిన లవణాలను పట్టే రెజిన్ మార్చే సమయం వచ్చినట్టే. ఫాస్ఫేట్ లాగేసే మందు ఇప్పుడే డబ్బాడు గుమ్మరించకు. నాచు తగ్గాక ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య, నైట్రేట్ 5 నుంచి 10 మధ్య నిలిస్తే సాఫ్ట్ కోరల్స్‌కు హాయి. రెండూ సున్నాకు పడిపోతే డైనోలు (డైనోఫ్లాజెలేట్లనే జిగురు పాచి) మొదలవ్వొచ్చు, వాటితో పోలిస్తే ఈ నాచు ఎంతో నయం.

నత్తలు కొనేట్టయితే ట్రోకస్ తీసుకో, వెల్లకిలా పడినా తమంతట తామే లేస్తాయి. నాచు తింటుందని టాంగ్ చేపను మాత్రం తేకు, నీ ట్యాంకు దానికి బొత్తిగా చాలదు.

ఆదివారం రాయి తీసేటప్పుడు వీడియో కాల్ చెయ్, పక్కనే ఉండి చూస్తాను. నువ్వు గ్లౌజులు వేసుకున్నాకే ఫోన్ ఎత్తుతాను. లెదర్ పొర లేవడం మొదలైతే అర్ధరాత్రయినా సరే ఫోటో పంపు.

నీ
నేను