మంచం ఇచ్చినందుకే కాదు, వారం వారం అడిగినందుకు

అమ్మ లేచి నడుస్తోంది. వాకర్ పట్టుకునే అనుకోండి, కానీ పక్కన మనిషి అక్కర్లేకుండా మంచం దగ్గర్నుంచి హాల్లోకి వచ్చి కూర్చుంటోంది, కూర్చున్న దగ్గర్నుంచి నా మీద అజమాయిషీ కూడా మొదలైంది. ఎలా ఉందని అడుగుతున్న వాళ్ళందరికీ ఇదే జవాబు. అసలు ఈ పోస్టు మాత్రం ఇక్కడి రోటరీ క్లబ్బు సభ్యుల కోసం. పేర్లు రాయొద్దని వాళ్ళే గట్టిగా చెప్పారు, అందుకని ఎవరి పేరూ రాయట్లేదు. చదివితే ఏది ఎవరి గురించో వాళ్ళకి తెలిసిపోతుంది.

జరిగింది చాలామందికి తెలుసు. అమ్మ బాత్రూంలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. అంతవరకూ డాక్టర్లు చూసుకున్నారు. మాకు టెన్షన్ మొదలైంది డిశ్చార్జ్ రోజున. తలవైపు ఎత్తు పెంచుకునే మంచం, గాలి పరుపు, వాకర్, కమోడ్ కుర్చీ కావాలని ఒక కాగితం చేతిలో పెట్టారు. కొందామా అంటే కొన్ని నెలలయ్యాక ఇంట్లో అడ్డంగా పడుండే సామాను. అద్దెకి తెద్దామని ఫోన్లు చేస్తే ఒకచోట మంచం ఉంది, పరుపు లేదు. ఇంకోచోట రెండూ ఉన్నాయి గానీ తెచ్చి బిగించే మనుషులు లేరు. బంధువుల గ్రూపులో సలహాలకి మాత్రం కొదవ లేదు, అమ్మ ఏ వైపు తల పెట్టుకుని పడుకోవాలనే దాని మీద పెద్ద చర్చే నడిచింది. ఆ గోలలోనే మా పిన్ని ఒకావిడ "రోటరీ వాళ్ళ దగ్గర ఇలాంటివి ఉంటాయట, సెక్రటరీ గారిని అడిగి చూడు" అని ఒక నంబరు పెట్టింది.

ఫోన్ చేస్తే సెక్రటరీ గారు అమ్మ బరువెంత, గది తలుపు వెడల్పెంత, ఇల్లు ఎన్నో అంతస్తు అని అడిగారు. మీరెవరి తాలూకు, ఏం చేస్తారు, సంపాదనెంత అని ఒక్క మాట లేదు. బరువు అడిగింది పరుపు పంపు సెట్ చెయ్యడానికి, తలుపు సంగతి మంచం కోసం, అంతస్తు సంగతి మోసే పిల్లల కోసం అని తర్వాత అర్థమైంది. పనిలో చెయ్యి తిరిగిన మనిషి ప్రశ్నలు ఇలాగే ఉంటాయి.

మంచం విడి భాగాలుగా వచ్చింది. రోటరాక్ట్ పిల్లలు, అంటే ఈ క్లబ్బుకి అనుబంధంగా ఉండే యువతీయువకులు, మెట్ల మలుపులో గోడకి గీత పడకుండా పైకి తెచ్చారు. రిటైరైన ఇంజినీరు గారొకాయన నేల మీద చతికిలబడి బోల్టులు బిగించారు. కాళ్ళవైపు అడుగున రెండు హ్యాండిళ్ళుంటాయి, ఒకటి తిప్పితే తలభాగం లేస్తుంది, రెండోదానికి మోకాళ్ళ దగ్గరి భాగం. ఆయన రెండూ పైదాకా తిప్పి చూశారు, ఒకటి కిర్రుమంది, సంచీలోంచి నూనె డబ్బా తీసి మరలో రెండు చుక్కలు వేశారు, మళ్ళీ తిప్పారు, మళ్ళీ వేశారు. "అర్ధరాత్రి తిప్పాల్సి వస్తే అమ్మగారు ఉలిక్కిపడకూడదు కదా" అన్నారు. తిప్పడం అయ్యాక హ్యాండిల్ మడిచి లోపలికి తోసెయ్యమని కూడా చెప్పారు, లేకపోతే చీకట్లో మన కాలికే తగులుతుందట. ఆ మాట పెడచెవిన పెట్టినందుకు మా తమ్ముడి కాలి మీద ఇప్పటికీ మచ్చ ఉంది.

అమ్మ ఇదంతా వీల్‌చైర్‌లోంచి చూసి "ఇంత పెద్ద మంచం ఎందుకు నాయనా, నేనేమన్నా ఏళ్ళ తరబడి పడుకుంటానా?" అంది. ఆయన తలెత్తకుండానే "అలా కుదరదమ్మా, తొందరగా లేచి ఇచ్చెయ్యాలి, వెనకాల క్యూ ఉంది" అన్నారు. ఆపరేషన్ తర్వాత అమ్మ నవ్వడం అదే మొదలు.

గాలి పరుపు గురించి కాస్త వివరంగానే రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. అందులో వరసగా గదులుంటాయి. పంపు కొన్ని గదుల్లోకి గాలి నింపుతూ పక్కవాటిలోంచి తీస్తుంది, కొన్ని నిమిషాలకి అటుదిటు చేస్తుంది. దానివల్ల ఒంట్లో ఒకేచోట బరువు పడి పుండ్లు పడే ప్రమాదం తగ్గుతుంది. క్లబ్బులో సభ్యురాలైన ఫిజియోథెరపిస్ట్ మేడం అయితే దీన్ని చూసుకుని నిశ్చింతగా ఉండొద్దని ముందే హెచ్చరించారు. పక్కకి తిప్పుతూనే ఉండాలి, మడమలు, నడుం కింది ఎముక ఉన్న చోటు రోజూ చూడాలి, ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడకుండా అలాగే ఉంటే డాక్టరుకి వెంటనే చెప్పాలి. వాకర్ ఎత్తు కూడా ఆవిడే సరిచేశారు. అమ్మని నిలబెట్టి చేతులు వదులుగా వేలాడేయమన్నారు, పిడి సరిగ్గా మణికట్టు ముడత దగ్గరికి వచ్చేలా నాలుగు కాళ్ళ గుండీలూ నొక్కి మార్చారు. అడుగున రబ్బరు బుడిపెలు అరిగిపోతే జారుతుందని కొత్తవి వేయించారు.

ఇంతవరకూ చేసినా గొప్పే. కానీ నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం తర్వాత జరిగింది. ప్రతి బుధవారం సాయంత్రం ఫోన్ వచ్చేది. అమ్మ ఎంతసేపు కూర్చుంటోంది, పంపు శబ్దం చేస్తోందా, కమోడ్ కుర్చీ సరిపోయిందా, ఇంకేమైనా కావాలా అని. ఒక వారం పంపు మొరాయిస్తోందని చెప్తే శుక్రవారం పొద్దున్నే వేరేది వచ్చింది. ఆపరేషన్ అయిన కొత్తలో పలకరించిన వాళ్ళు చాలామందే, ఎవరినీ తప్పుపట్టట్లేదు, ఎవరి బతుకులు వాళ్ళవి, నెల గడిచేసరికి ఫోన్లు తగ్గుతాయి. వీళ్ళవి తగ్గలేదు. ఇంత ఓపిక ఎక్కడిదా అనుకునేవాణ్ణి, వాళ్ళ మీటింగ్‌కి వెళ్ళాక గుట్టు తెలిసింది.

థాంక్స్ చెప్తానంటే గురువారం మీటింగ్‌కి రమ్మన్నారు. చెప్పిన టైముకి ప్రెసిడెంట్ గారు బల్ల మీది గంట కొట్టారు, ఆయన మెడలో కాలర్ అని దండలాంటిది, దాని మీద పాత అధ్యక్షుల పేర్లు. సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ అని ఒకాయన ఉంటారు, పేరుకి పోలీసు హోదాలా ఉంది గానీ పని మాత్రం కుర్చీలు సర్దించడం, అతిథుల్ని కూర్చోబెట్టడం, ఆలస్యంగా వచ్చినవాళ్ళ దగ్గర నవ్వుతూ జరిమానా వసూలు చెయ్యడం. ఆ రోజు దొరికిపోయింది మా ఇంజినీరు గారే. ఆ డబ్బు సేవా పనులకే పోతుందట. తర్వాత సెక్రటరీ గారి ప్రకటనలు, ఆ తర్వాత ఒక్కో కమిటీ చెయ్యాల్సిన రిపోర్టు. రక్తదాన శిబిరం సంగతి, కంటి పరీక్షల శిబిరానికి కావాల్సిన మనుషుల సంగతి చకచకా అయిపోయాయి. అప్పుడు వైద్య పరికరాల రిజిస్టరు తెరిచారు. ఏ వస్తువు, ఎవరింటికి, ఏ తేదీన వెళ్ళింది, ఇప్పుడెలా ఉంది. మా మంచం కూడా ఒక వరసలో ఉంది, పక్కన పెన్నుతో "పంపు మార్చాం" అని.

అదన్నమాట బుధవారం ఫోన్ రహస్యం! గురువారం అందరి ముందూ చెప్పాలి కాబట్టి బుధవారం కనుక్కోక తప్పదు. జాలితోనో మంచితనంతోనో ఒకసారి సాయం చెయ్యడం చాలామందికి వచ్చు. మూడు నెలల తర్వాత కూడా పరాయి ఇంట్లోని ముసలావిడ మడమల గురించి ఆరా తియ్యాలంటే వెనకాల ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉండాలి. నా మటుకు నాకు ఇది మంచితనం కంటే తక్కువదేమీ కాదు.

ఆ రోజే ఒక చిన్న చిక్కు కూడా వచ్చింది. మంచం కోసం ఇంకో కుటుంబం ఎదురుచూస్తోంది, అక్కడ పక్షవాతం వచ్చిన పెద్దాయన. నేను అక్కడే కూర్చుని ఉన్నాను, మొహమాటపెట్టి తీసేసుకోవచ్చు. అలా చెయ్యలేదు. ఫిజియో మేడంని అడిగారు, ఆవిడ వచ్చి అమ్మని చూశాక చెప్తానన్నారు, మర్నాడు వచ్చి అమ్మని మామూలు మంచం మీద పడుకోబెట్టి, లేపి, కూర్చోబెట్టి చూసి, పర్వాలేదు అన్నాకే తీసుకెళ్ళారు. వాళ్ళ గోడ మీద నాలుగు ప్రశ్నల బోర్డు ఉంది: ఇది నిజమేనా, అందరికీ న్యాయమేనా, సద్భావం, స్నేహం పెరుగుతాయా, అందరికీ మేలు జరుగుతుందా. 1932లో హెర్బర్ట్ టేలర్ అనే ఆయన దివాలా అంచున ఉన్న తన కంపెనీని గట్టెక్కించడానికి రాసుకున్నవట, 1943లో రోటరీ తనవి చేసుకుంది. మీటింగ్‌లో అందరూ కలిసి చదువుతారు. గోడ మీది బోర్డులు చాలాచోట్ల చూస్తాం, ఇక్కడ రెండో ప్రశ్నని ఒక మంచం విషయంలో వాడటం కళ్ళారా చూశాను.

క్లబ్బు చరిత్ర కూడా అక్కడే ఒక పెద్దాయన చెప్పారు. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ఇంకో ముగ్గురితో మొదలుపెట్టారు, ఆ ముగ్గురిలో ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు గనుల ఇంజినీరు, ఒకరు దర్జీ. ఒక్కో వారం ఒక్కొక్కరి ఆఫీసులో వంతులవారీగా, అంటే రొటేషన్ మీద కలుసుకునేవాళ్ళు, అందుకే రోటరీ అనే పేరు. రకరకాల వృత్తులవాళ్ళని ఒకచోట చేర్చడం మొదటినుంచీ ఉన్న పద్ధతే, మా ఇంటికి ఒకే క్లబ్బు నుంచి ఇంజినీరూ ఫిజియోథెరపిస్టూ రావడం కాకతాళీయం కాదు. ప్రపంచంలోంచి పోలియోని తరిమెయ్యాలని 1985లో పెట్టుకున్న కార్యక్రమం అందరికీ తెలిసిందే. నాకు బాగా నచ్చింది మాత్రం వాళ్ళ తొలి సేవా కార్యక్రమం, షికాగోలో జనం కోసం మరుగుదొడ్లు కట్టించాలని 1907లో మొదలుపెట్టిన ప్రయత్నం. మాకు వాళ్ళిచ్చిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది కమోడ్ కుర్చీయే మరి. దాని పక్కన నిలబడి ఎవరూ ఫోటో దిగరు, కానీ అమ్మ మానం కాపాడింది అదే.

క్లబ్బులంటే శాలువాలు, ఫోటోలు, ఉపన్యాసాలు అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. శాలువాలు నేనూ చూశాను, ఆ రోజు అతిథిగా వచ్చిన ఉపన్యాసకుడికి ఒకటి కప్పారు, ఉపన్యాసం కూడా కొంచెం సాగింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ రిజిస్టరు తెరిచిన పది నిమిషాలు చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. 2016 నుంచి రోటరీ నియమాల్లో సడలింపు వచ్చిందట, నెలకి రెండుసార్లు కలిసినా చాలట. ఇక్కడివాళ్ళు మాత్రం వారం వారం వదల్లేదు. దయచేసి వదలకండి సార్, రెండు వారాలకోసారి ఫోన్ అయ్యుంటే ఆ పంపు చెడిపోయిన సంగతి మీ దాకా ఎప్పటికి వచ్చేదో.

సెక్రటరీ గారికి, నూనె డబ్బా ఇంజినీరు గారికి, ఫిజియో మేడంకి, మెట్లెక్కి మోసి మంచినీళ్ళు కూడా అడక్కుండా వెళ్ళిపోయిన పిల్లలకి, మా ఇంటిల్లిపాది తరఫున పేరుపేరునా కృతజ్ఞతలు. అమ్మ మిమ్మల్నందరినీ ఒకసారి ఇంటికి రమ్మంటోంది, ఈసారి బోల్టులు బిగించే పని లేకుండా.

కమోడ్ కుర్చీ ఈ గురువారం శుభ్రంగా కడిగి తిరిగి ఇచ్చేస్తున్నాం. దాంతోపాటు మా పెదనాన్న వాడిన పాత వీల్‌చైర్ ఒకటి అటక మీద ఉంటే బ్రేకులు బాగుచేయించి అదీ ఇస్తున్నాం. మీ ఇళ్ళలో కూడా వాడకుండా పడున్న వాకర్లు, ఊతకర్రలు ఉంటే ఇవ్వండి. ఎవరికైనా ఈ కమోడ్ కుర్చీ అవసరమైతే నాకు కాదు, సెక్రటరీ గారికి బుధవారం లోపు చెప్పండి. గురువారం రిజిస్టరులో రాసేస్తారు.