కౌలు లేని రాజ్యం

హన్మకొండ,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ దోస్తూ,

వందనాలు. మీ మస్కట్ నెట్‌వర్క్ పుణ్యమా అని నిన్న మన మాట సగంలోనే తెగిపోయింది. "యేసు మళ్లీ వచ్చి వెయ్యేళ్లు ఏలుతాడంటున్నారు సరే, ఏలితే నాలాంటి మేస్త్రీకి ఏం మారుతుందిరా?" అన్నావు. ఫోన్‌లో తేలే సంగతి కాదని రాస్తున్నాను. శుక్రవారం సెలవే కదా, తీరిగ్గా చదువుకో.

చిన్నప్పుడు కూటాల్లో గోడకు బట్ట చార్టు కట్టి బెత్తంతో చూపించేవారు, గుర్తుందా? ఇక్కడ ఏడేళ్ల శ్రమలు, ఇక్కడ వెయ్యేళ్ల పాలన అంటూ. మనిద్దరం వాక్యం వదిలేసి చార్టు మీది మృగానికి పది కొమ్ములూ సరిగ్గా గీశారా లేదా అని లెక్కపెట్టేవాళ్లం. బైబిల్లో ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో ఆ 'వెయ్యి సంవత్సరాలు' ఆరుసార్లు వస్తుంది. పాతకాలపు క్రైస్తవ పండితుడు ఆగస్టీను మొదట దాన్ని ఉన్నదున్నట్టు నమ్మి, తర్వాత మనసు మార్చుకుని అది సంఘం నడుస్తున్న ఈ కాలమేనన్నాడు. కాజీపేట ఫాతిమా చర్చికి వెళ్లే మా పక్కింటాయనదీ అదే మాట. మా పాస్టరుగారు మాత్రం చస్తే ఒప్పుకోరు. వెయ్యి అబద్ధాలాడైనా పెళ్లి చెయ్యమన్నవాడు వేళ్లు మడిచి లెక్కపెట్టి చెప్పాడా? యాభయ్యో కీర్తనలో వెయ్యి కొండల మీది పశువులు దేవునివి అంటే, ఆ పక్క కొండ మీది మేక ఇంకెవరిదో అనా? వేయిస్తంభాల గుడిలో స్తంభాలు లెక్కపెట్టి మనం ఎన్నిసార్లు కొట్టుకున్నామో నీకు తెలుసు.

లెక్క ఎటు తేలినా ఆయన వస్తాడు, ఏలుతాడు. అది నేను నమ్ముతాను. తేదీలు చెప్పేవాళ్లతోనే నా పేచీ. అమెరికాలో విలియం మిల్లర్ మాట పట్టుకుని 1844 అక్టోబర్ 22న వేలమంది ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు. తెల్లారితే మామూలు 23వ తారీఖే వచ్చింది.

జెకర్యా 9 తీసి చూడు. గాడిదపిల్ల మీద వచ్చే రాజు తొమ్మిదో వచనం. మట్టల ఆదివారం నాడు కొమ్మలూపుతూ చదివేది అదే. పదో వచనంలో యుద్ధపు విల్లు విరిగిపోతుంది, రాజ్యం సముద్రం నుంచి సముద్రం దాకా వ్యాపిస్తుంది. చదివేటప్పుడు ఆ రెంటికీ నడుమ గుక్క తిప్పుకునేంత వ్యవధి. బతికేటప్పుడు మాత్రం రెండు వేల ఏళ్లు గడుస్తున్నా పదో వచనం ఇంకా రావడం లేదు.

ఇక నీ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదుగానీ, మా బాపు దగ్గర దొరికింది. పోయిన నెల మా ఇంట్లోనే ప్రార్థన కూటం. బాపు సంగతి తెలుసుగా, మొదటి పాటకే కునుకు తీస్తాడు. యెషయా 65 చదువుతున్నాను. వాళ్లు ఇళ్లు కట్టుకుని వాటిలోనే కాపురముంటారు, తోటలు నాటుకుని వాటి పండ్లు తింటారు, వాళ్లు కట్టుకున్నదాంట్లో ఇంకొకరు ఉండరు, వాళ్లు నాటుకున్నది ఇంకొకరు తినరు అని ఉంటుంది కదా. బాపు టక్కున తలెత్తి, "ఆగు బిడ్డా, మల్ల సదువు" అన్నాడు. మళ్లీ చదివాను. "గంటే ఆ రాజ్యంల కౌలు ఉండదన్నట్టు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

పరకాల దిక్కున ఆ చెలక ఎట్లుండేదో నువ్వు చూశావు. అంతా తుమ్మలు, రాళ్లు. బాపు, అవ్వ పదేళ్లు ఒళ్లు వంచి, ఒడ్లు పోసి, ఎరువు తోలి దాన్ని మిర్చి పండే భూమి చేశారు. పంట బాగొచ్చిన ఏడాదే పట్టాదారు "ఇక మేమే చేసుకుంటం" అన్నాడు. నోటిమాట కౌలు, కాగితం లేదు. ఏ ఆఫీసుకు పోయినా కాగితం చూపించమంటారు.

అందుకే యెషయా 11 నాకిప్పుడు వేరేగా వినిపిస్తోంది. చర్చి క్యాలెండర్ల బొమ్మలకు తోడేలూ గొర్రెపిల్లా కలిసుండే మాట కావాలి, అది ఆరో వచనం. దానికంటే ముందే ఆ రాజు కంటికి కనబడినదాన్ని బట్టీ చెవికి వినబడినదాన్ని బట్టీ తీర్పు తీర్చడని, బీదలకు నీతితో తీర్పు తీరుస్తాడని ఉంది. కాగితం లేనివాడి కేసు కూడా గెలిచే కోర్టు అన్నమాట. తోడేలు ఆ తర్వాత సాధువవుతుంది. ఈ వరస యెషయా కావాలనే పెట్టాడని నా అనుమానం. పాస్టరుగారికి చెబితే "ఆలోచిద్దాం" అన్నారు, అంటే లేదని.

అదే 65లో, నా జనుల ఆయుష్షు చెట్టు ఆయుష్షంత అవుతుందనీ ఉంది. బాపు వాకిట్లో చింతచెట్టు వైపు చూసి ఊరుకున్నాడు.

మరిచిపోయాను. మీ కొత్తింటి తాళంచెవి అవ్వ దగ్గర తీసుకుని మొన్న వెళ్లి చూశాను. వెనక దర్వాజకు చెద పట్టింది, మందు కొట్టించాను. సున్నం అక్కడక్కడా పెచ్చులూడుతోంది. గృహప్రవేశం నాడు పరిచిన చాప ఇంకా అట్లనే ఉంది, ఎవరూ పడుకోలేదు. ఊళ్లో అందరిళ్లూ కట్టిన చెయ్యి నీది, ఇప్పుడు మస్కట్లో ఎవరెవరికో కడుతున్నావు. ఈసారి సెలవు ఎన్ని రోజులిస్తారో ముందే కనుక్కుని రాయి.

నీ దోస్తు