గులేరు పట్టిన చెయ్యి

నల్గొండ, రామగిరి
ఆదివారం పొద్దున

ఒరేయ్ దోస్తూ,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులాయె. అలిగినవని మా చెల్లె ఫోన్ల చెప్పింది. అలుగకురా, రాయబుద్ధి కాక ఊకున్న. ఎందుకో చదువు, నీకే తెలుస్తది.

ఎర్రచుక్క సైటు, అదే గురిచూసే అద్దంల ఎర్రచుక్క కనబడేది, ఉన్న పిస్టల్ ఇంకోటి తీసుకుందామనుకుంటున్న, ఏమంటవ్ అని రాసినవ్ గద. నేనేమంటరా, నా పాడు కథ చెప్త, నువ్వే తేల్చుకో.

పోయిన నెల హైదరాబాద్‌ల పోటీకి పోయిన, ఏర్ పిస్టల్, పది మీటర్లు. దానికి ముందు పది రోజులు ఏంజేసిన్నంటవ్? గచ్చిబౌలి రేంజ్‌ల పాయింట్ టూటూ, అదే తూటా పిస్టల్, పట్టుకొని కూసున్న. ఇరవై అయిదు మీటర్ల ఆట మోజు పట్టింది మరి. దాని ట్రిగ్గర్ గుంజనీకి 1000 గ్రాముల జోరు పెట్టాలె, ఏర్ పిస్టల్‌కు 500. పది రోజుల్ల నా వేలు కిలో బరువుకు మరిగింది. అది చాలదన్నట్టు పోటీకి ఒక్కరోజు ముందుగాల నా పిస్టల్ సీలు పోయి గాలి కారుడు షురువైంది. రేంజ్‌ల ఒక తమ్ముడు తనది ఇచ్చిండు, పుణ్యాత్ముడు. పిడి కోణం వేరు, నా చెయ్యికి ముందటి సైటు ముక్కు కిందికి వంచుకొని నిలబడతది.

పదిహేను నిమిషాల సైటర్లల్ల, అంటే లెక్కకు రాని ముందటి షాట్లల్ల, ఎట్లనో సర్దుకున్న. అసలు పోటీల పదో షాటు కాడికొచ్చేసరికి దెబ్బలు కిందికి దిగినయ్, పదికి 8 పడ్డది. సైటును పైకి కిందికి జరిపే మరమీద ఇంగ్లీషు హెచ్ అక్షరం కనబడ్డది. హెచ్ అంటే హై గదా, పైకి పోతదని అటు తిప్పిన. 7. ఇంకింత తిప్పిన. 6! చెమటలు పట్టినయ్‌రా. పిస్టల్ బల్లమీద పెట్టి, నీళ్లు తాగి, ఊపిరి తీసుకున్నంక గుర్తుకొచ్చింది, అది జర్మనోళ్ల లెక్క. దెబ్బలు పైకి పడుతుంటే ఇటు తిప్పు అని దానర్థం. నేను కింద పడేదాన్ని ఇంకా కిందికి తొక్కిన. మళ్ల వెనక్కు తిప్పి లెక్క కుదుర్చుకునేసరికి, ఇగ వేలు మోపంగనే టప్పుమనుడు. కిలోకు మరిగిన వేలాయె, అరకిలో దానికెక్క! 60 షాట్లకు 537. ఎప్పుడూ 550 దాటేటోన్ని. ఉత్తరం ఎందుకు రాయలేదో ఇప్పుడు సమజైందా?

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క గీసుకున్న. ముందటి సైటుకు వెనకటి సైటుకు నడుమ దూరం 33 సెంటీమీటర్లనుకో. ఆ రెండిట్ల ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే పది మీటర్ల కాడ అది ముప్పై మిల్లీమీటర్లు. పది అంకె వలయమే 11.5 మిల్లీమీటర్లు! పది పడాల్సింది ఏడు పడ్డట్టే. అదే చెయ్యి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే, సైట్లు సరిగుంటే, దెబ్బ కూడ ఒక మిల్లీమీటరే జరుగుతది. చెయ్యి వణుకుడు కాదురా మనల్ని ముంచేది, సైట్ల వంకర. పిస్టల్ మారిస్తే ముందు చెడేది అదే.

నీ ఎర్రచుక్కతోని బాధ వేరే తీరు. చుక్క పెట్టుకుంటే రెండు సైట్లు కలిపే పనిలేదు, టార్గెట్‌నే చూస్తవ్. ఓపెన్ సైటు, అదే మామూలు ముందు వెనక సైట్లయితే కన్ను ముందటి సైటు మీద నిలవాలె, టార్గెట్ మసకగ ఉండాలె. నెలంత చుక్కతోని ఆడి మళ్ల ఓపెన్ సైటు పట్టు, కన్ను ఉరికి ఉరికి టార్గెట్ మీదికే పోతది. ఇంకోటి, చుక్క నీ వణుకంతా చూపెడతది. పది మీద నుంచి పోతుంటే పట్టుకుందామని ట్రిగ్గర్ గుంజుతవ్. ఒలింపిక్ తరహా పోటీలల్ల ఎట్లాగు అది పెట్టనియ్యరు. ఐపీఎస్‌సీ తీరు, అదే ఉరుక్కుంట పేల్చే, ఆటలకు పోయేదుంటే కొను, నేనొద్దన. రెండూ ఒకేసారంటే మాత్రం తిడత.

మరి ఇషా సింగ్ రెండు పిస్టళ్లు ఎట్లాడిందంటవేమో. మన హైదరాబాద్ పిల్లే, 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలల్ల పది మీటర్లు, ఇరవై అయిదు మీటర్లు రెండిట్ల కలిపి నాలుగు పతకాలు తెచ్చింది. ఆమె సాధన ఏడ, రైస్ మిల్లు గోదాంల ఆదివారం ఆట మనదేడ! ఇంకో పిస్టల్ అసలే వద్దనీ అంటలేను. టోక్యో ఒలింపిక్స్‌ల మను భాకర్‌కు పోటీ నడుమ పిస్టల్ మొరాయించింది గద, నిమిషాలకు నిమిషాలు పోయి ఫైనల్ తప్పిపోయింది. రెండోది ఉంచుకో, కాని మొదటిదానికి కవల ఉన్నట్టు ఉంచుకో. అదే పిడి, అదే ట్రిగ్గర్ బరువు, అదే సైటు సందు.

నేనిప్పుడు ఏర్ పిస్టల్ ఒక్కటే పట్టుకున్న. పొద్దుగాల లేవంగనే కండ్లు మూసుకొని చెయ్యి లేపుత, కండ్లు తెరిస్తే సైట్లు కలిసి ఉండాలె. లేకుంటే పిడి దిక్కు చూసుకుంట, చెయ్యిని బలవంతం చెయ్య.

చెర్వుగట్టు జాతరల బుగ్గలు పేల్చే దుకాణం తుపాకి యాదికుందా? గొట్టమే వంకర. నువ్వు రెండు దెబ్బలు పోగొట్టుకొని, మూడోది బుగ్గకు జానెడు ఎడంగ పెట్టి పేల్చినవ్. దుకాణపాయన మొకం సూడాలె! చిన్నప్పుడు గులేరుతోని చింతకాయలు రాల్చిన చెయ్యి అది. కాని ఆ తుపాకికి అలవాటైతే మంచి తుపాకి పట్టినప్పుడు ఏం పేలుస్తవ్‌రా?

వచ్చే ఆదివారం మిర్యాలగూడ రా. మా బావ గోదాం ఖాళీగుంది, టార్గెట్ కట్టిన. తూర్పు దిక్కు కిటికీ నుంచి ఎండ పడితే సైటు ఒకపక్క మెరుస్తది, అందుకే గోనెసంచి అడ్డం కట్టిన. పదిగంటలకే రేకులు కాలుతయ్, పొద్దుగాల్నే రా. నీ పాత పిస్టలే తే. పాలమూరు సీతాఫలాలు కూడ, కాయలు కాదు, పండ్లు.

నీ దోస్త్