విత్తనం కొండెక్కే రోజున చూడండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఏటా చలికాలం వచ్చేసరికి మన పేపర్లలో ఒకే రకం ఫొటో పడుతుంది. మన్యంలో ఎక్కడో కొండవాలు, మనిషెత్తు గంజాయి మొక్కలు, వాటిని కత్తులతో నరుకుతున్న పోలీసులు, పక్కన పొగ. ఆ పని జరగాల్సిందే, నాకు వేరే మాట లేదు. కానీ ఆ ఫొటో తీసేనాటికే ఆరు నెలలు ఆలస్యం అయిపోతోందని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను జి.మాడుగుల మండలంలో ఒక ఆశ్రమ పాఠశాలలో పదకొండేళ్లు పని చేసి, 2019లో రిటైరయ్యాను. ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను. గంజాయి సాగు సంగతి నాకు మొదట చెప్పింది నా హాజరు పట్టీ. బడి తెరిచే జూన్‌లో కొందరు మగపిల్లలు వచ్చేవారు కాదు, జూలై సగమయ్యాక ఒక్కొక్కరే కనిపించేవారు. మళ్లీ డిసెంబరులో మాయం. సంక్రాంతి సెలవులు అయిపోయినా ఆ పేర్ల ఎదుట గైర్హాజరు గుర్తులే. చోళ్లు (రాగులు), వరి కోతలు అయ్యాక కూడా పిల్లలు ఇంటి దగ్గర ఎందుకుండిపోతున్నారో మొదటి రెండేళ్లు నాకు అర్థం కాలేదు.

ఒక డిసెంబరులో మేం ఇద్దరు టీచర్లం పిల్లల్ని పిలుచుకురావడానికి వాళ్ల ఊరికి నడిచి వెళ్లాం. గెడ్డ దాటి కాలిబాటన గంటన్నర. దారిలో ఒక కందిచేను. దూరం నుంచి చూస్తే కందే. దగ్గరికి వెళ్లేసరికి ముందు వాసన తగిలింది, గొంతులో పట్టుకుని వదలని ఘాటు వాసన. నాలుగు వరుసల కంది వెనక అంతా గంజాయి. మంచె మీద మా తొమ్మిదో తరగతి పిల్లవాడు కాపలా ఉన్నాడు. నన్ను చూసి గబగబా దిగి చేతులు వెనక్కి దాచుకున్నాడు. చూపించమంటే చూపించాడు. వేళ్ల సందుల్లో నల్లగా జిగురు, సబ్బుతో రుద్దినా పోదట.

"ఎవరిదిరా తోట?" అన్నాను.

"మాదే టీచరమ్మా."

"విత్తనం ఎక్కడిది?"

"కింద నుంచి షావుకారు తెచ్చాడు. నాన్నకి ముందే డబ్బులిచ్చాడు."

"ముందే అంటే ఎప్పుడు?"

"వానలు పడక ముందే."

ఆ చివరి మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గంజాయి అంటే అడవిలో దానంతటది మొలిచే పిచ్చిమొక్క అనుకునేవాళ్లు నగరంలో చాలామంది ఉన్నారు. అలా కాదు. ఈ మొక్కల్లో ఆడ వేరు, మగ వేరు. సరుకు అంటే ఆడమొక్క పూత. దానికి గింజ పట్టకూడదని మగవాటిని ముందే ఏరి పారేస్తారు. వచ్చే ఏడాది విత్తనానికి ఏవి ఉంచాలో ఎంచి పెడతారు. ఇదంతా తెలిసిన మనిషి దగ్గరుండి చేయించే పని. శీలావతి అని సరుకుకి పేరుంది కదా, అది నేను కొండ మీద విన్న ఏ భాషలోనూ పుట్టిన పేరు కాదు. విత్తనం, మదుపు, పనితనం మూడూ బయట నుంచి వస్తాయి. కొండ నుంచి వచ్చేవి నేల, ఒళ్లు వంచే మనిషి. కేసు పెట్టేటప్పుడు మాత్రం ఈ రెండే దొరుకుతాయి.

పోలీసుల కష్టాన్ని నేను తక్కువ చేయను. 2021 చివర్లో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో 7,500 ఎకరాలకు పైగా తోటలు నరికామని వాళ్లు ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. 2024లో ఈగల్ అనే ప్రత్యేక విభాగం వచ్చింది, సమాచారం ఇవ్వడానికి 1972 ఫోన్ నంబరు వచ్చింది, డ్రోన్లు వచ్చాయి. రోడ్డు పక్క ఊళ్లలో మార్పు కనిపిస్తోంది, నేను వెళ్లినప్పుడు చూశాను. కానీ తోటలు చిన్నవై, ముక్కలై, కందిలోకీ పొదల్లోకీ, బాట లేని కొండల మీదకీ, ఒడిశా సరిహద్దు అవతలికీ జరుగుతున్నాయి. మదుపు పెట్టేవాడు అలాగే ఉంటే మొక్క ఎక్కడో ఒకచోట లేస్తూనే ఉంటుంది.

చట్టంలో లోటు లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 20వ సెక్షన్ కింద గంజాయి సాగుకి పదేళ్ల వరకు జైలు. అదే చట్టంలో 27ఏ అని ఇంకో సెక్షన్ ఉంది. ఈ వ్యాపారానికి డబ్బు పెట్టినవాడికి పదేళ్లకు తగ్గకుండా, ఇరవై ఏళ్ల దాకా శిక్ష. అంటే మొక్క పెంచినవాడి కన్నా పెట్టించినవాడిదే పెద్ద నేరమని చట్టమే అంటోంది. ఆ సెక్షన్ కింద జి.మాడుగుల, పెదబయలు, చింతపల్లి లాంటి మండలాల్లో ఎన్ని అడ్వాన్సుల గుట్టు బయటపడిందో, ఎంతమంది షావుకార్లకి శిక్ష పడిందో ఏటా విడిగా ప్రకటించాలి. ఎకరాల లెక్క, కిలోల లెక్క చెబుతున్నారు, ఈ లెక్క కూడా చెప్పాలి.

ఇంకో మాట. అడ్వాన్స్ ఎందుకు తీసుకుంటారు అని మా వీధిలోవాళ్లు నన్ను అడుగుతుంటారు. కాఫీ మొక్క వేస్తే మొదటి కాపుకి మూడు నాలుగేళ్లు. మిరియం పాదు ఎక్కడానికి కూడా ఏళ్లే. పసుపుని మన్యంలో చాలాచోట్ల రెండేళ్లు నేలలోనే ఉంచుతారు. ఈ లోపు ఇంట్లో జబ్బు చేస్తే డోలీలో మోసుకెళ్లాలి, కింద ఆసుపత్రిలో చేతిలో డబ్బుండాలి. సరిగ్గా మే నెలలో, ఇంట్లో గింజలు అడుగంటినప్పుడు షావుకారు వస్తాడు. ఆ నెలలోనే గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, గిరిజనుల పంట కొనే ప్రభుత్వ సంస్థ జీసీసీ కూడా రావాలి. మొక్కలు పంచితే చాలదు. రాజ్‌మాకో పసుపుకో పంట కొనుగోలు మీద ముందస్తు డబ్బు చేతికివ్వాలి. అలా ఇస్తే నూటికి ఎనభై మంది షావుకారు ముఖం చూడరు, పదకొండేళ్లు వాళ్ల మధ్య బతికిన మనిషిగా చెబుతున్నాను.

మంచె దిగిన ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. సరుకు కిందికి దింపమంటే 24 కిలోల మూటతో దొరికాడు. 20 కిలోలు దాటితే కమర్షియల్ కేసు, అంటే వ్యాపారం కిందే లెక్క, బెయిల్ దాదాపు రాదు. పోయిన నెల జైల్లో వాడితో ములాఖత్‌కి వచ్చిన వాళ్లమ్మని ద్వారకా బస్టాండులో కలిశాను. తెల్లవారుజామున పాడేరు బస్సెక్కి వచ్చింది. కొడుక్కని అడ్డాకులో కట్టి తెచ్చిన చోడిపిండి రొట్టెలు లోపలికి ఇవ్వనివ్వలేదట, మళ్లీ ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. లాయరు చెప్పేది ఆమెకి సగమే అర్థమవుతుంది, ఆమె మాట లాయరుకి అసలు అర్థం కాదు. కొండ భాష తెలిసిన ఒక మనిషిని ఉచిత న్యాయ సహాయంలో పెట్టడం ప్రభుత్వానికి అంత భారమా?

ఆమె నన్ను అడిగి చార్జిషీటు చదివించుకుంది. నిందితులు ఇద్దరు. ఇద్దరూ ఆ ఊరి కుర్రాళ్లే. వానలు పడక ముందు డబ్బిచ్చిన మనిషి పేరు అందులో ఎక్కడైనా ఉందేమోనని నేను రెండుసార్లు చూశాను. లేదు. మళ్లీ మే వస్తోంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు,
విశాఖపట్నం