ఇటలీలో, తొరీనోలో ఉన్న అమ్మాయికి

చిన్నీ,

మేం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు కాస్త నయం. నీకు పరీక్షల హడావుడి ఉంటుంది, తీరికైనప్పుడే జవాబు రాయి. ఊరికే ఒక సినిమా సంగతి చెబుదామని రాస్తున్నాను.

మీ ఊళ్ళో తీసిన సినిమా అని రవి మన టీవీలో పెట్టాడు. 'ప్రొఫోందో రొస్సో', 1975 నాటిది. దారియో అర్జెంతో తీశాడు. హీరో పియానో వాయిస్తాడు. అర్ధరాత్రి మీ సీఎల్ఎన్ పియాత్సాలో, అదే ఆ చౌకులో, ఫౌంటెన్ దగ్గర, తాగి కూర్చున్న కార్లో అనే స్నేహితుడితో కబుర్లాడుతుంటాడు. పురుగు కూడా తిరగదు అక్కడ. నువ్వు లైబ్రరీ నుంచి అటే వస్తావా? పైన కిటికీలో ఒకావిడని చంపడం కనిపిస్తుంది. పరుగున పైకెళ్తాడు. నడవా నిండా పటాలే. ఇందాక చూసిన పటం ఒకటి ఇప్పుడు లేదే అని తరవాత అనుమానం. సినిమా అంతా దాని కోసమే తల బద్దలు కొట్టుకుంటాడు. తీరా అది పటం కాదు, అద్దం. అందులో హంతకురాలి మొహం మొదటే చూసేశాడు! నేను వెనక్కి తిప్పి చూశాను, నిజంగానే ఉంది. అందుకే చెప్పేది, రాత్రిపూట చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడవొద్దని.

హంతకురాలు ఆ కార్లో తల్లే. వాడికి చిన్నప్పట్నుంచీ తెలుసు. అమ్మ కోసం నోరు విప్పడు. తాగి తాగి పాడైపోతాడు. మాకు టెన్షన్ ఎందుకని నువ్వూ ఏమైనా దాస్తున్నావా? నువ్వు ఆ రూము ఖాళీ చేశావని రమ్య అందట, సత్యం బాబాయి మీ అమ్మ చెవిలో వేశాడు. నేను నమ్మలేదనుకో. ఓనరుతో గొడవైతే చెప్పు, అడ్వాన్సు పోతే పోయింది. అగ్రిమెంటు చదవకుండా సంతకం పెట్టకని ముందే చెప్పాను, సరే వదిలేయ్.

అందులో పాడుబడ్డ బంగళా ఒకటుంది. అదీ మీ ఊరి కొండ మీదిదే, విల్లా స్కాట్. అప్పట్లో సిస్టర్లు నడిపే అమ్మాయిల హాస్టలట. షూటింగ్ కోసం అందర్నీ రిమిని అనే ఊరికి సెలవులకి పంపారట, ఖర్చు సినిమావాళ్ళదే. ఆ పిల్లలు ఎటు వెళ్ళారో ఇన్నేళ్ళకి తెనాలిలో కూర్చున్న నాకు కూడా తెలిసింది. నువ్వెక్కడున్నావో మాత్రం రమ్యని అడగాలి.

సినిమాలో హంతకురాలి నల్ల గ్లౌజుల్లో ఉన్న చేతులు డైరెక్టరువేనట. గ్లౌజులు అనగానే మీ అమ్మ, చలికి నువ్వు కొన్నావో లేదో అడగమంది. ఉన్నివైతే తడుస్తాయి, తోలువి కొనుక్కో. గాబ్లిన్ అనే బ్యాండు వాళ్ళ సంగీతం నాకు నచ్చింది, అమ్మ మాత్రం సౌండు తగ్గించేదాకా ఊరుకోలేదు.

గోంగూర, కందిపొడి సిద్ధం. కొరియర్ వాడు డబ్బా తూకం కూడా వేశాడు. అడ్రసు పాతదేనా, కొత్తదా? శనివారం లోపు చెప్పు, ఆదివారం వాడికి సెలవు.

నాన్న