ముఖ్యమంత్రి గారూ, 1971 సైనికుల్ని సభకి పిలవకండి, వాళ్ల ఇంటికే వెళ్లండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి గారికి నమస్కారాలు.

1971 యుద్ధంలో ఓడిన పాకిస్తాన్ జనరల్ నియాజీ ఢాకాలో మన జనరల్ అరోరా ముందు లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టి 2026 డిసెంబరు 16కి 55 ఏళ్లు. ఆ రోజు మన రాష్ట్రంలో ఏదో ఒక సభ పెడతారు, పూలదండలు, ఫ్లెక్సీలు ఎలాగూ ఉంటాయి. ఆ యుద్ధానికి ఇరవై ఏళ్ల కుర్రాడిగా వెళ్లినవాళ్లకి ఇప్పుడు డెబ్బై అయిదు, అప్పటికే హవల్దారుగా ఉన్నవాళ్లు ఎనభై దాటేశారు. విజయానికి అరవయ్యేళ్లు నిండినప్పుడు ఘనంగా చేద్దాంలే అనుకుంటే అప్పటికి ఎవరు మిగులుతారు సార్?

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, తూర్పు వైపు పోరాడినందుకు పూర్వీ స్టార్ అనే పతకం వచ్చింది. ఆమధ్య ఒక సన్మానానికి పిలిస్తే పాత కోటు ఇస్త్రీ చేయించుకుని, రిబ్బన్లు వెలిసిపోయిన మెడల్స్ వరసగా పెట్టుకుని పొద్దున పదింటికల్లా వెళ్లారు. ముఖ్య అతిథి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ముందు వరస సోఫాలు అతిథిగారి వెంట వచ్చినవాళ్లకి, వీళ్లకేమో షామియానా చివర ఎండ పడేచోట ప్లాస్టిక్ కుర్చీలు. ఆఖర్లో గబగబా ఒక శాలువా, ఒక ఫొటో, మైకులో పేరు కూడా తప్పే చదివారు. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు, బాత్రూం ఎటో చెప్పే మనిషి ఒకడుంటే బాగుండేది అన్నారంతే.

2021లో ఆ యుద్ధ విజయ స్వర్ణోత్సవాల కాగడా, విజయజ్వాల, తిరుపతికి వచ్చినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి మేజర్ జనరల్ వేణుగోపాల్ గారి ఇంటికే వెళ్లి సత్కరించారు. పార్టీల సంగతి పక్కన పెట్టండి, అది మంచి పద్ధతి. కాకపోతే వేణుగోపాల్ గారిది మహావీర చక్ర, యుద్ధంలో చూపిన శౌర్యానికి ఇచ్చే రెండో అతిపెద్ద పతకం. ఏ చక్రమూ రాని సిపాయి, లారీ నడిపినవాడు, సైనికుల వంటశాలలో వండిపెట్టినవాడు, వాళ్ల ఇంటికి ఎవరు వెళ్లాలి?

మీరే వెళ్లక్కర్లేదు. ఒకటో తారీకు పొద్దున్నే సచివాలయం సిబ్బంది తలుపు కొట్టి పింఛను చేతిలో పెడుతున్నారు కదా, ఏ ఇంట్లో మాజీ సైనికుడు ఉన్నాడో వాళ్లకి తెలుసు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దగ్గర రిజిస్టరు ఎలాగూ ఉంది. యుద్ధంలో ఉన్నారా లేదా అనేదానికి అఫిడవిట్లు గట్రా పెట్టి ముసలాళ్లని తిప్పొద్దు, డిశ్చార్జి బుక్కులో పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ అని రాసే ఉంటుంది. చనిపోయినవాళ్ల భార్యల్ని కూడా అదే లిస్టులో పెట్టండి, విడిగా ఇంకో కేటగిరీ వద్దు. 16న తహసీల్దారో, ఎస్సైయో, హైస్కూలు హెడ్మాస్టరు నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకునో ఇంటికి వెళ్లి, పేరు సరిగ్గా రాసిన పత్రం ఇచ్చి, ఒక అరగంట కూర్చుని ఆయన చెప్పేది వింటే చాలు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లో అయితే రోజంతా పడుతుందేమో, పట్టనివ్వండి.

విశాఖ సంగతి ఇంకొకటి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన తీరంలోనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది, మన విమానవాహక నౌక విక్రాంత్‌ని దెబ్బతీయడానికి వచ్చి. ఆర్కే బీచ్‌లో ఆ యుద్ధ విజయం గుర్తుగా కట్టిన స్మారకం దగ్గర నేవీ డే నాడు పుష్పగుచ్ఛం పెడతారు. సముద్రంలో తేలుతున్న శకలాలు మొదట తెచ్చి అప్పగించింది మాత్రం మన మత్స్యకారులు! ఆ కుటుంబాల్ని ఒక్కసారైనా ఆ వరసలో నిలబెట్టొచ్చు కదా.

దసరా లోపు జీవో ఇస్తే డిసెంబరుకి లిస్టు తయారవుతుంది. శాలువాలు మాత్రం కొనొద్దు సార్, వాళ్ల బీరువాల్లో బోలెడున్నాయి. ఆ డబ్బుతో టౌన్లో ఉన్న ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) ఆస్పత్రికి నెలకోసారి మండలం నుంచి ఒక బండి పెట్టించండి, బస్సెక్కలేక మందులు మానేసినవాళ్లు ఉన్నారు.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడి పొరుగింటివాడు